దొరగారు పండుకున్నారు

మా ఇంట్లో నాలుగు పచ్చిమిరపకాయలు కావాలంటే ఇప్పుడు ముందు చేతులు కడుక్కోవాలి. ఫ్రిజ్ తలుపు మెల్లగా తీయాలి. కింది కూరగాయల డబ్బాను కుదుపు లేకుండా లాగి, ఎడమ మూలనున్న జిప్పు కవరును తాకకుండా, కుడి మూల నుంచి కాయలు ఏరుకుని, లాగినంత మెల్లగానే మళ్ళీ లోపలికి తోయాలి. ఈ నిబంధనలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి తలుపుకు అంటించారు. చివరి నిబంధన: 'ఇది ఎర్రగడ్డ కాదు.' రాసింది నా మనవరాలు, అంటించింది నా భార్య, పాటించవలసినవాణ్ణి నేను.

కవరులో ఉన్నది కూర కాదు, మందు కాదు, మొక్క. దొరగారు నిద్రపోతున్నారు. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశి వెళ్ళిన మర్నాడు పండుకున్నారు, శివరాత్రి దాపుకొచ్చేదాకా లేవరు. దొరగారు అనడం వెటకారమనుకోకండి. ఇంటిల్లిపాదీ వారికి చేస్తున్న ఊడిగం చూస్తే మీరైనా అదే పేరు పెడతారు. ఇట్లాంటి అర్జీ పుచ్చుకునే కార్యాలయం జిల్లాలో ఎక్కడుందో తెలియక పత్రికకు పంపుకుంటున్నాను.

మాది గార్లదిన్నె. అనంతపురం నుంచి గుత్తి వైపు పోయే దోవలో, నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద తగులుతుంది. రోడ్డు, రైలు స్టేషను, చీనీ తోటలు, శనక్కాయ చేలు, ఎర్ర దుమ్ము. పెనకచెర్ల దగ్గర మిడ్ పెన్నార్ డ్యామ్ మా మండలంలోనే ఉంది కాబట్టి మాకు నీళ్ళకేం కొదవని బయటివాళ్ళు అనుకుంటారు. ఆ డ్యాములోకి నీళ్ళు రావాలంటే ఎక్కడో తుంగభద్ర నిండాలి, అక్కణ్ణుంచి హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ పారాలి. నేను ముప్పై ఆరేళ్ళు లెక్కల పాఠాలు చెప్పి బయటపడ్డవాణ్ణి. పెళ్ళిపత్రికల్లో నా పేరు కింద 'విశ్రాంత ఉపాధ్యాయులు' అని వేస్తుంటారు. ఆ విశ్రాంతి ఏ బీరువాలో పెట్టి తాళం వేశారో ఇంతవరకూ దొరకలేదు.

పోయిన ఉగాదికి మనవరాలు బెంగుళూరు నుంచి వచ్చింది. భోజనాల దగ్గర ఎడమచేత్తో ఈగలను తోలుకుంటూ, ఈ ఊళ్ళో ఈగల సంఖ్య నా పింఛను కన్నా జోరుగా పెరుగుతోందని ఒక్కమాట అన్నాను. అన్నం దగ్గర అన్నమాట అన్నం దగ్గరే వదిలేయాలి. ఆ పిల్ల వదల్లేదు. మే నెలలో మళ్ళీ వచ్చినప్పుడు అరచేతంత ప్లాస్టిక్ కుండీ ఒకటి ఒడిలో పెట్టుకుని బస్సు దిగింది. "తాతా, నీ ఈగలకు మందు తెచ్చినా" అనింది. వీనస్ ఫ్లైట్రాప్ అట. వెల నాలుగు వందల యాభై.

అద్దాలు పెట్టుకుని చూశాను. నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్న ఏడెనిమిది ఆకులు. ఒక్కో ఆకు కొసన బొటనవేలి గోరంత పుస్తకం ఒకటి సగం తెరిచి పెట్టినట్టు ఉంది. పుస్తకం అంచుల పొడవునా దువ్వెన పళ్ళు. లోపలి పుటలు రెండూ తాంబూలం వేసుకున్న నోటి ఎరుపు. ఆ ఎరుపు మీద, పుటకు మూడు చొప్పున, కళ్ళు చికిలిస్తే తప్ప కనబడని సన్నటి ముళ్ళలాంటి వెంట్రుకలు. అసలు కిటుకంతా వాటిలోనే ఉందని పిల్ల చెప్పింది. వెంట్రుకను ఒకసారి తాకితే మొక్క పట్టించుకోదు. గాలికొచ్చిన దుమ్మో, వాన చినుకో అనుకుని ఊరుకుంటుంది. ఇరవై సెకన్ల లోపల రెండో తాకిడి పడిందా, టక్కున మూసుకుంటుంది. మూసుకోవడానికి పట్టేది సెకనులో పదోవంతు. అంతటితో ఆగదు. లోపల ఈగ గింజుకునే కొద్దీ తాకిడులు లెక్కపెడుతూ పోతుంది, లెక్క అయిదుకు చేరితే అప్పుడు జీర్ణరసాలు ఊరించడం మొదలుపెడుతుంది. ఈ లెక్కల సంగతిని జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ శాస్త్రవేత్తలు 2016లో తేల్చి ప్రకటించారు.

మెదడు లేదు, నరాలు లేవు, పలకాబలపం అసలే లేవు. అయినా అయిదు దాకా తప్పు లేకుండా లెక్కపెడుతుంది. ఆ కుండీ ముందు కూర్చుంటే ముప్పై ఆరేళ్ళ నా ఉద్యోగం, చివరి బెంచీతో సహా, కళ్ళ ముందు కదిలింది.

మా ఇంటామెకు ఈ మాటలు నమ్మబుద్ధి కాలేదు. ఉగ్గానికి నానబెట్టబోతున్న బొరుగుల్లోంచి ఒక గింజ తీసి ఆ ఆకులో, నోట్లో వేసినట్టు వేసింది. గింజ రెండు వెంట్రుకలకు తగిలింది, తలుపు పడింది. "తినిందే!" అని ఆమె సంబరపడింది. మర్నాడు పొద్దున చూస్తే తలుపు తెరుచుకుని ఉంది, బొరుగు బొరుగులాగే పడి ఉంది. చచ్చిన సరుకు గింజుకోదు కాబట్టి లెక్క అయిదుకు పోలేదు, రసం ఊరలేదు. "నా చేతి బొరుగు చేదైందా దీనికి?" అని ఆమె నొచ్చుకుంది గానీ, నాకు మాత్రం లోలోపల గౌరవం పుట్టింది. పక్కింటి పిల్లలు చీపురుపుల్లతో గెలికి నాలుగు నోళ్ళు మూయించినప్పుడు ఆ గౌరవం కోపంగా మారింది. ఊరికే మూయిస్తే మొక్కకు బలం ఖర్చే తప్ప రాబడి లేదు. కొన్నిసార్లు అట్లా చేస్తే ఆ నోరు నల్లబడి రాలిపోతుంది. పిల్లలను తరిమాను. తరిమేటప్పుడు పరుగెత్తింది నేను, దొరగారు కాదు.

లెక్కల మనిషిని కాబట్టి పద్దు రాశాను. మే నుంచి అక్టోబరు దాకా దొరగారి పద్దులో ఈగలు పదకొండు, చీమలు నాలుగు, బొరుగు ఒకటి (తిరస్కృతం). ఒక్కో ఈగను అరాయించుకోవడానికి వారం, పది రోజులు. నాలుగు వందల యాభైని పదకొండుతో భాగిస్తే ఈగకు నలభై రూపాయల తొంభై ఒక్క పైసలు. అదే ఆర్నెల్లలో నేను పాత పేపరు చుట్టతో ఎన్ని కొట్టానో అవతలి పుటలో ఉంది. గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని ఆ అంకె ఇక్కడ వేయడం లేదు.

ఇక నీళ్ళ సంగతి. మా బోరు నీళ్ళు బిందెకు తెల్లటి చారలు కట్టే నీళ్ళు. 1990ల నడుమ సత్యసాయి మంచినీటి పథకం వచ్చేదాకా ఈ జిల్లాలో ఎన్నో పల్లెలు ఫ్లోరైడు నీళ్ళే తాగి పళ్ళు గారపట్టించుకుని, ఎముకలు వంకరపోయి బతికాయి. మనిషి తట్టుకున్న ఆ నీళ్ళను దొరగారు తట్టుకోరట. ఉప్పులు తగిలితే వేర్లు మాడిపోతాయి. పిల్ల పెన్నులాంటి మీటరు ఒకటి ఇచ్చిపోయింది. నీళ్ళలో ముంచితే ఉప్పుల లెక్క చూపిస్తుంది. యాభై లోపుంటే ఉత్తమం. మా బోరులో ముంచితే వెయ్యి దాటి పరుగెత్తింది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళలో అరవై చూపించింది, దొరగారికి అదీ కాస్త ఎక్కువే. మిగిలింది వాననీరు. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ వాన పడేది మన జిల్లాలోనే అని తరగతి తర్వాత తరగతికి పాఠం చెప్పిన నోటితో ఇప్పుడు నేను వాననీళ్ళు ఎక్కణ్ణుంచి తేను? ఏడాది మొత్తానికి మాకు పడేది అయిదు వందల చిల్లర మిల్లీమీటర్లు. సెప్టెంబరులో ఒక సాయంత్రం మబ్బు పట్టగానే మా ఇంటామె ఉన్న బిందెలన్నీ చూరు కింద వరుసగా పెట్టింది. ఊళ్ళోవాళ్ళు మేమేదో వ్రతం చేస్తున్నామనుకున్నారు.

ఈ మొక్క సొంతూరు అమెరికాలో ఉత్తర, దక్షిణ కరొలైనా రాష్ట్రాల తీరం, విల్మింగ్టన్ అనే పట్టణం చుట్టుపక్కల తడినేలలు. ప్రపంచం మొత్తంలో సహజంగా పుట్టేది అక్కడే. మాకు పడే వానకు రెండున్నర రెట్లకు పైగా అక్కడ పడుతుంది. నేల మాత్రం సారం లేని ఇసుక, నాచు. నేలలో నత్రజని దొరక్క, కడుపు మాడి, ఈగలను పట్టడం నేర్చుకుంది పాపం. సారం లేని నేల అన్నమాట వినగానే, అయితే మా ఎర్రనేలకు ఏదో ఒక వరస చుట్టమే అవుతుందని ఒక్క క్షణం మెత్తబడ్డాను. తర్వాత తెలిసింది, ఎరువు వేస్తే చచ్చిపోతుందట. పేదరికం కూడా దొరగారికి తమ పద్ధతిలోనే జరగాలి.

1759లో ఉత్తర కరొలైనా గవర్నరు ఆర్థర్ డాబ్స్ దీన్ని చూసి ఆశ్చర్యపడి ఇంగ్లండుకు ఉత్తరం రాశాడు. 1768లో జాన్ ఎల్లిస్ అనే ఆయన దీనికి డయోనియా మస్సిపులా అని పేరు పెట్టాడు. మొదటి ముక్క ప్రేమదేవత వీనస్ తాలూకుది. రెండో ముక్కకు లాటిన్‌లో అసలు అర్థం ఎలుకలబోను. ఈగలను పట్టేదానికి ఎలుకలబోనని పేరు పెట్టిన ఆ పండితుడి చేత మా బళ్ళో తెలుగు పరీక్ష రాయిస్తే ఎన్ని మార్కులు వచ్చేవో! 1873లో బర్డన్ శాండర్సన్ దీని ఆకులో విద్యుత్తు పరుగెత్తడాన్ని కొలిచాడు, 1875లో డార్విన్ కీటకాహార మొక్కల మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. అత్తిపత్తి ముట్టుకుంటే ఎందుకు ముడుచుకుంటుందో మన జగదీశ్ చంద్ర బోసు యంత్రాలు పెట్టి కొలిచింది ఆ తర్వాతే. అంతమంది పెద్దల చేత పరీక్షలు చేయించుకున్న మొక్క కాబట్టి ఆ మాత్రం బెట్టు ఉంటుంది మరి. పైగా 2014 డిసెంబరు నుంచి, ఉత్తర కరొలైనా అడవుల్లో దీన్ని దొంగతనంగా పెరికితే అక్కడ జైలుకు పంపేంత పెద్ద నేరం. మా ఇంట్లోంచి ఎవరైనా దొంగిలిస్తే తాంబూలం ఇచ్చి, బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపిస్తాను.

ఇవన్నీ ఓర్చుకున్నాను. అసలు గొడవ దీపావళి తర్వాత మొదలైంది. కొత్త ఆకులు పొట్టిగా, నేలబారుగా రాసాగాయి. పుల్ల పెట్టినా నోళ్ళు బద్ధకంగా, వేడుకోగా వేడుకోగా మూసుకున్నట్టు మూసుకుంటున్నాయి. పాతవి ఒక్కటొక్కటే నల్లబడ్డాయి. పద్దు మూసేసే రోజు వచ్చిందని అర్థమైంది. పైకి విచారంగానే, లోపల కొంచెం తేలిగ్గానే, పిల్లకు ఫోన్ చేశాను. "చచ్చిపోలేదు తాతా, పండుకోబోతాంది. శీతాకాలం మూడు నాలుగు నెలలు నిద్రపోవల్ల అది. చచ్చిపోయిందనుకుని శానామంది పారేస్తారు" అనింది. నిద్ర లేకుండా పెంచితే ఒకటి రెండేళ్ళు ఎట్లాగో నెట్టుకొచ్చి, నీరసించి, ఆఖరికి నిజంగానే పోతుందట. పగలు కురచ కావడం, చలి పెరగడం, ఈ రెండు గుర్తులూ చూసుకుని మొక్క పడక వేసుకుంటుంది. పైన ఆకులు పోయినా లోపల దుంపలో తిండి దాచుకుని ఉంటుంది.

మంచిది, నిద్రపోనీ, కుండీని పెరట్లో ఒక మూల పెడతానన్నాను. కుదరదట. మా ఊరి చలి చాలదట! ఇక్కడ నాకు నిజంగా రోషం వచ్చింది. ధనుర్మాసంలో మంకీ టోపీ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని గుడికి పోయేవాళ్ళం, మా చలి చాలకపోవడమేమిటి? కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. గార్లదిన్నె పద్నాలుగు, పదిహేను డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమ ఉంది, విల్మింగ్టన్ ముప్పై నాలుగు దగ్గర. అక్కడ జూన్‌లో అన్నిటికన్నా పొడుగైన పగటికీ డిసెంబరులో అన్నిటికన్నా కురచైన పగటికీ తేడా దాదాపు నాలుగున్నర గంటలు. మాకు ఒకటిముప్పావు గంట. అక్కడ జనవరి రాత్రుళ్ళు సున్నా దాపుకు దిగుతాయి. ఇక్కడ మంకీ టోపీ పెట్టుకున్నప్పుడు కూడా పదిహేను డిగ్రీల చుట్టుపక్కలే, మధ్యాహ్నానికి చొక్కా విప్పాల్సిందే. దొరగారికి కావలసింది పది డిగ్రీల లోపు. లెక్క రెండుసార్లు సరిచూశాను. తప్పు దొరకలేదు. గార్లదిన్నెలో మూడు నెలల పాటు అంత చలి ఒక్కచోటే ఉంటుంది.

ఆ చోటు కూరగాయల డబ్బా. పైనున్న గడ్డ కట్టే అర కాదు, అందులో పెడితే చస్తుంది. కింది డబ్బాలో నాలుగైదు డిగ్రీలుంటాయి, కరొలైనా శీతాకాలానికి అది సరిగ్గా సరిపోతుంది. ఇన్నేళ్ళుగా మేము అమెరికా చలికాలంలో బెండకాయలు పెట్టుకుంటున్నామన్న సంగతి నాకు తెలియనే తెలియదు.

పడక వేసిన రోజు చెబుతాను. ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టారు, అందులోంచి పిల్ల చెబుతోంది, నేను చేస్తున్నాను. కుండీలోంచి మొక్కను మెల్లగా ఊడదీశాను. వాననీళ్ళలో వేర్లు కడిగాను. నల్లబడ్డ ఆకులను నా మీసాల కత్తెరతో ఒక్కటొక్కటే కత్తిరించాను. అన్నీ పోగా మిగిలింది చిటికెనవేలంత తెల్లటి దుంప, పిలకెత్తిన చిన్న ఎర్రగడ్డలాగే ఉంది, కింద నాలుగు నల్లటి వేళ్ళు. ఆర్నెల్లు మమ్మల్ని ఆడించిన దొరగారు మొత్తం కలిపి ఇంతే. స్ఫాగ్నం నాచును తడిపి, నీళ్ళు కారనంతగా పిండి, దాని నడుమ దుంపను పెట్టి చుట్టి, కవరులో వేసి జిప్పు లాగాను. "కొడుకులకు ఒక్కనాడు నీళ్ళు పోసినోడివి కాదు" అనింది మా ఇంటామె తలుపు దగ్గర నిలబడి. వినబడనట్టు కవరు మీద తారీఖు రాశాను.

తర్వాత ఆమె ఇంకో మాట అంది. దాన్ని మాత్రం మెచ్చుకోక తప్పదు. తొలేకాదశినాడు పాలకడలిలో పండుకున్న స్వామి నాలుగు నెలలు నిద్రపోయి, కార్తీకంలో లేచాడు గదా. ఆయన లేవడం, ఇది పండుకోవడం ఒకటి రెండు రోజుల తేడాలో జరిగింది. "పడక ఖాళీ కాగానే ఇది ఎక్కింది సూడు" అనింది. ఇక లేచేది చూడబోతే శివరాత్రి రోజుల్లో, ఊరంతా జాగారం చేసే వేళకు. చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ళు చెప్పేదీ ఆ శివరాత్రికే. ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుకున్న ఇంటి ఆడవాళ్ళకు నిద్ర విలువ తెలుసు. ఆ తెలివి నా మధ్యాహ్నం కునుకు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో తెలియదు. నేను కన్ను మూయగానే గ్యాసు బండ వస్తుంది, లేకపోతే పాలవాడి లెక్క వస్తుంది.

మా వెనకింటి రైతుకు ఆరెకరాల చీనీ తోట ఉంది. సాత్‌గుడి చెట్లు. సంచి నిండా కాయలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాడు. చోటు లేదని సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"దీంట్లో వింతేముంది అయ్యోరూ? నేనిప్పుడు చేస్తాండేదీ అదే. తోటను బెట్టకు పెట్టినా. నీళ్ళు నిలిపేసినా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. చలిదేశాల్లో ఈ జాతి చెట్లను చలి పండబెడుతుంది. మా దగ్గర చలి లేదు కాబట్టి ఆ పని దప్పిక చేత చేయిస్తారు. కాపు కోసిన తర్వాత నీళ్ళు ఆపేస్తే చెట్టు ఎదుగుదల మాని, ఆకు వాడ్చి, కొంత రాల్చుకుని, ఉన్న బలాన్ని కొమ్మల్లో కూడబెట్టుకుంటుంది. ఎర్రనేలల్లో కొద్ది వారాలు చాలు, నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ కాలం ఆగాలి. ఆ తర్వాత పాదులు తవ్వి, ఎరువేసి, తడి ఇస్తే ఒక్కసారిగా పూత పొంగుతుంది. ఆ వాసన సాయంత్రాల్లో మా మిద్దె మీదికి కూడా వస్తుంది. ఎన్నాళ్ళు ఆపాలన్నది పుస్తకం చూసి చెప్పేది కాదు. ఆకు పొద్దున చల్లవేళ కూడా ముడుచుకునే ఉందా, విచ్చుకుందా అని చూసి చెప్పాలి. "రెండు దినాలు ఎక్కువైతే పూతకు బదులు పుల్లలే" అన్నాడు ఆయన. తర్వాత కొంచెంసేపు మాట్లాడలేదు. బోర్లు ఎండిపోయిన ఏళ్ళలో ట్యాంకర్లతో నీళ్ళు తోలి కాపాడుకున్న తోటలూ, అప్పటికీ ఆగక నరికి కట్టెలకు అమ్మేసిన తోటలూ ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మా ఇద్దరికీ తెలుసు. తడి ఇచ్చే నీళ్ళు చేతిలో ఉన్నంతవరకే దాన్ని బెట్ట అంటాం.

శనక్కాయది ఇంకో తంటా. దానికి అసలు నిద్రే లేదు. మా చేలల్లో ఎక్కువగా వేసే గుత్తి రకాల గింజ ముదిరీ ముదరగానే మొలకెత్తడానికి సిద్ధం. పంటకాలమంతా మొహం చాటేసిన వాన సరిగ్గా పీకే వారంలో వచ్చి పడుతుంది, కాయలు భూమిలోనే మొలకలెత్తుతాయి. తీగ రకాలకు కొంత నిద్ర ఉంటుంది కానీ అవి పంటకు వచ్చేదాకా మా తడి ఆగదు. గుత్తి రకం గింజకు ఓ రెండు మూడు వారాల నిద్ర అంటగట్టాలని పటాన్‌చెరు ఇక్రిశాట్‌తో పాటు శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళుగా పాటుపడుతున్నారు. మొలకెత్తిన కాయలను గంపలో వేసుకుని ఇంటికి తెచ్చిన రైతు ముందు కూర్చుని, మా ఫ్రిజ్‌లో ఒక మొక్క మూడు నెలల నిద్ర ఎక్కువై పండుకుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంకొక మాట. ఈగలను, దోమలను పట్టే మొక్కలు మనకు లేక కాదు. డ్రోసెరా జాతివి మన తూర్పు కనుమల తడినేలల్లో వానాకాలంలో పుడతాయి. ఆకు మీది వెంట్రుకల కొసల్లో జిగురు బొట్లు మంచులా మెరుస్తుంటాయి, వాలిన పురుగు అతుక్కుపోతుంది. వాటిలో డ్రోసెరా ఇండికా అనేది వానలు పోగానే విత్తనం రాల్చుకుని తనదారిన తాను చచ్చిపోతుంది. విత్తనం మళ్ళీ వాన వచ్చేదాకా మట్టిలో పడి ఉంటుంది. మీటరు అడగదు, డబ్బా అడగదు, చీనీ కాయలకు చోటు లేకుండా చేయదు. ఈ సంగతి పిల్లకు చెబితే "అయితే వచ్చేసారి అది కూడా తెస్తా తాతా" అనింది. అందుకే చెబుతాను, ఇంట్లో మనిషి తనకు తెలిసింది తనలోనే ఉంచుకోవాలి.

దొరగారు నిద్రలో ఉన్నా పని తప్పలేదు. ఆదివారం ఆదివారం కవరు విప్పి, టార్చి వేసి చూడాలి. బూజు పట్టిందా, దుంప మెత్తబడిందా, నాచు ఆరిందా? గట్టిగా తెల్లగా ఉంటే క్షేమం. వాసన కూడా చూడాలి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయడం నిషేధం, చల్లదనం పోతుంది. పోయిన నెలలో ఒక పూటంతా కరెంటు లేదు. ఆ పూట నేను కుండలో నీళ్ళే తాగాను, మజ్జిగ అడిగితే మా ఇంటామె తలుపుకు అంటించిన కాగితం చూపించింది. బెంగుళూరు నుంచి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న "తాతా, ఎట్లుంది?" అని. మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గిందని చెప్పబోతాను. అడిగింది నన్ను కాదు.

లేచిన తర్వాత ఏం జరుగుతుందో కూడా ముందే చెప్పి పెట్టారు. మొదట కుదురు నడుమ నుంచి కొత్త ఆకు, తర్వాత జానెడు పొడుగు కాడ ఒకటి నిటారుగా లేస్తుంది, కొసన తెల్లటి పూలు. పూలకు పనిచేసే తేనెటీగలూ పెంకుపురుగులూ కింది నోళ్ళలో పడకుండా అంత ఎత్తున పూస్తుందని చెబుతారు. పిలిచిన చుట్టాన్ని తినకూడదన్న మర్యాద దానికీ ఉందన్నమాట. కానీ పూత మొక్క బలాన్ని పీల్చేస్తుందట, మొగ్గలోనే కత్తిరించాలట. కత్తిరించేది ఎవరి కత్తెరతోనో వేరే చెప్పాలా?

నిన్న మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. రోడ్డు మీద చీనీ రసం బండి ఆగినట్టుంది, దాని వెంట వచ్చిన ఈగ ఒకటి తిన్నగా లోపలికొచ్చి ఫ్రిజ్ తలుపు మీద వాలింది. వాలింది కూడా సరిగ్గా ఆ కాగితం మీద, 'ఇది ఎర్రగడ్డ కాదు' అన్న అక్షరాల మీద. ముందు కాళ్ళు ఒకసారి రుద్దుకుంది. చేతిలో పేపరు చుట్ట లేదు. ఉన్నా తలుపు మీద కొడితే కుదుపు. కదలకుండా నిలబడి మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్దెనిమిది దగ్గర అది రెండోసారి కాళ్ళు రుద్దుకుంది. తలుపుకు అవతలి పక్క ఏమీ కదల్లేదు. ఇరవై దాటాక, తొందరేమీ లేకుండా, ఎగిరి పోయి నా గ్లాసు మీద కూర్చుంది.